ఇరవయ్యారు పౌండ్ల గాలి

పెద్ద బండ్ల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఇంజనుతో మొదలుపెడతారు. ఎన్ని గుర్రాల బలం, ఎంత ఎత్తు, ఎంత బరువు, ఏ కొండ ఎక్కింది, ఏ ఇసుక దాటింది అన్న వరుసలో కథ సాగిపోతుంది. బండిలోని వస్తువులన్నింటిలోకీ చౌకైనదీ, కంటికి కనబడనిదీ అయిన గాలిని గురించి రెండు వాక్యాలు వ్రాసేవారు అరుదు. అమెరికాలో 1990కీ 2001కీ మధ్య ఆ గాలి చుట్టూ అల్లుకొన్న ఒక వ్యవహారంలో 271 మంది చనిపోయినట్లు అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టింది. బండి పేరు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. టైర్లు ఫైర్‌స్టోన్ వారివి. పెద్ద బండిని నడపడమన్నా, పోషించడమన్నా ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి చరిత్రపాఠం నాకు కనబడలేదు.

ముందుగా పేరు సంగతి. ఎస్‌యూవీ అన్న మూడక్షరాలను విడదీస్తే స్పోర్ట్ యుటిలిటీ వెహికిల్. మాటకు మాట తెలుగు చేస్తే 'క్రీడోపయోగ వాహనం' అని వస్తుంది. అందులో క్రీడా లేదు, పెద్ద ఉపయోగమూ లేదు. బజారు నుండి ఇంటికి కూరగాయలు మోసే వాహనానికి అంత బిరుదు ఎందుకని నా సందేహం. తెలుగు పదాలు కల్పించడంలో ఉత్సాహం గల మిత్రులు ఎవరైనా మంచి మాట చెబితే సంతోషిస్తాను. నేను మాత్రం ఇక్కడ పెద్ద బండి అనే వ్రాస్తాను.

పేరు ఎలా ఉన్నా, పుట్టుకలో అది లారీ జాతికి చెందినది. 1975లో అమెరికా చేసిన ఇంధన చట్టం కార్లు గాలను పెట్రోలుకు ఇన్ని మైళ్లు నడవాలని కట్టడి చేసింది. చిన్న లారీలకు వేరే, సడలించిన కొలత పెట్టారు. రైతులూ చేతిపనివారూ వాడుకొనే బండ్లు కదా అన్న దయ అది. ఆ సందులో నుండి తయారీదారులు చిన్న లారీ చట్రం మీద అయిదుగురు కూర్చొనే పెట్టె బిగించి, మెత్తని ఆసనాలు వేసి, గృహస్థులకు అమ్మడం మొదలుపెట్టారు. 1990లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ ఫోర్డువారి రేంజర్ అనే చిన్న లారీ చట్రం మీద కట్టినదే. ఆ దశాబ్దం చివరికి ఏడాదికి 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కొన్నవారు తాము కొన్నది ఎత్తయిన కారు అనుకొన్నారు. నడపవలసిన తీరు మాత్రం లారీది.

ఫోర్డుకూ ఫైర్‌స్టోనుకూ ఉన్న బంధుత్వం మామూలు వ్యాపార బంధం కాదు. 1900లో ఓహైయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో టైర్ల సంస్థ స్థాపించిన హార్వీ ఫైర్‌స్టోన్, హెన్రీ ఫోర్డు ప్రాణమిత్రులు. ఇద్దరూ థామస్ ఎడిసన్‌తో కలిసి కార్లలో అడవులకు విహారయాత్రలకు వెళ్లేవారు. 1947లో ఒకరి మనవడు మరొకరి మనవరాలిని వివాహమాడాడు. ఆ దంపతుల కుమారుడు విలియం క్లే ఫోర్డ్ జూనియర్ 1999లో ఫోర్డు సంస్థకు అధ్యక్షుడయ్యాడు. రెండు వంశాల రక్తమూ ఆయన ఒంట్లో ఉంది. అయితే అప్పటికి ఫైర్‌స్టోన్ ఆ కుటుంబం చేతిలో లేదు. 1978లో '500' అనే రకం టైర్లను దాదాపు 1.4 కోట్లు వెనక్కు తీసుకోవలసి వచ్చి చితికిపోయిన ఆ సంస్థను 1988లో జపానుకు చెందిన బ్రిడ్జ్‌స్టోన్ కొన్నది.

ఇక అసలు విషయం టైరు. మన ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూసినవారికి ఒక పోలిక చెబుతాను. కమ్మరి ఆ పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చెక్క చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తాడు. పట్టా ముడుచుకొని కర్రను పట్టేస్తుంది. అక్కడ వేడి బిగువుకు కారణం. ఈనాటి రేడియల్ టైరులో వ్యవహారం తలకిందులు. దాని లోపల సన్నని ఉక్కు తీగలతో అల్లిన రెండు పట్టీలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. నడుమ రబ్బరు తప్ప మరే బంధమూ లేదు. పైన నేలను తాకే గాడుల పొర, దానినే ట్రెడ్ అంటారు. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ మరింత వంగి లేస్తాయి. వంగిన కొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికి పట్టీల అంచుల దగ్గర రబ్బరులో సన్నని చీలిక మొదలవుతుంది. అది లోలోపలే పాకి, ఒకనాడు డెబ్భై మైళ్ల వేగంలో పై పట్టీ ట్రెడ్‌తో సహా ఊడి వస్తుంది. బరువు ఎక్కువైతే ఈ క్రమం త్వరపడుతుంది. వేగం ఎక్కువైనా అంతే. వేసవి అయితే చెప్పనే అక్కరలేదు.

టైరు వయస్సును నిలబెట్టేది గాలే. కందెన లేని బండి సంగతి సుమతీ శతకం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయితే కందెన లేకపోతే ఇరుసు కీచుమని అరుస్తుంది. గాలి తగ్గిన టైరు అరవదు. పైగా రేడియల్ టైరు పక్కలు నిండుగా గాలి ఉన్నప్పుడు కూడా కొంచెం ఉబ్బే ఉంటాయి కనుక, కాలితో తన్ని చూసో కంటితో చూసో చెప్పడం అసాధ్యం. కొలమానం పెట్టి చూడవలసిందే. అది కూడా బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నడిచిన టైరులో వేడికి ఒత్తిడి పెరిగి కనబడుతుంది. అది చూసి ఎక్కువైందని గాలి వదిలేవారు చేసేది మేలు కాదు. ఏ చిల్లూ లేని టైరు సైతం నెలకు సుమారు ఒక పౌండు గాలి తానే పోగొట్టుకొంటుంది. (చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని లెక్క. మన పంక్చరు దుకాణాలలోనూ ఇదే కొలత.)

ఎక్స్‌ప్లోరర్ టైరు పక్కన గరిష్ఠంగా 35 పౌండ్లని అచ్చు వేసి ఉండేది. తలుపు చట్రానికి అంటించిన చీటీలో ఫోర్డువారు చెప్పింది 26. ఈ తేడా ఎందుకు వచ్చింది? న్యాయస్థానాలలో తరువాత బయటపడిన సంస్థ కాగితాలను బట్టి, 1989లో బండిని హఠాత్తుగా మలుపు తిప్పే పరీక్షలు చేసినప్పుడు దాని నిలకడ ఇంజనీర్లకు తృప్తి కలిగించలేదు. చక్రాల మధ్య వెడల్పు పెంచడం, ఇంజనును కొంత కిందికి దించడం, స్ప్రింగులు మార్చడం, టైర్లలో గాలి తగ్గించడం వారి ముందున్న మార్గాలు. మొదటి రెంటికీ కాలమూ ధనమూ కావాలి. బండి విడుదల దగ్గర పడింది. స్ప్రింగులలో కొద్ది మార్పు చేసి, గాలి తగ్గించారు. మెత్తబడిన టైరు మలుపులో నేలను అంత గట్టిగా పట్టదు. బండి బోర్లపడడానికి బదులు జారుతుంది. ప్రయాణమూ మెత్తగా ఉంటుంది.

నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇక్కడ ఉంది. 26 పౌండ్ల గాలి ఉన్న టైరు బండి బరువు మోయలేదని కాదు, మోస్తుంది. కాని మరుపుకు మిగిలిన జాగా చాలా తక్కువ. నాలుగయిదు నెలలు గాలి చూడని గృహస్థు బండిలో 21, 22 పౌండ్లే మిగులుతాయి. సెలవులలో భార్యాబిడ్డలను, పెట్టెలను, పైన మరికొంత సామానును ఎక్కించి టెక్సాస్ ఎండలో రహదారి పట్టిస్తాడు. లారీ నడిపేవాడు ప్రయాణానికి ముందు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు, అది వృత్తిధర్మం. కారు అనుకొని కొన్న మనిషికి ఆ అలవాటు ఎవరు నేర్పారు? 2001లో అమెరికా ప్రభుత్వం చేయించిన పరిశీలనలో కార్లలో నాలుగోవంతుకు పైగా, పెద్ద బండ్లూ చిన్న లారీలలో మూడోవంతుకు దగ్గరగా, కనీసం ఒక టైరులో గాలి బాగా తగ్గి తిరుగుతున్నాయని తేలింది. అందరూ మరిచిపోతారని తెలిసిన చోట, ఎవరూ మరవరాదన్న లెక్క మీద బండి కట్టడం న్యాయం కాదని నేననుకొంటాను.

ప్రమాదాలను మొదట పసిగట్టినవాడు ఇంజనీరు కాదు. స్టేట్ ఫార్మ్ అనే బీమా సంస్థలో లెక్కలు పరిశీలించే సామ్ బాయ్‌డెన్, ఒకే రకం టైర్లు ఊడిన 21 ప్రమాదాలను గుర్తించి 1998లో రహదారి భద్రతా సంస్థకు తెలియజేశాడు. అక్కడ ఎవరూ కదలలేదు. బాధితుల దావాలు చాలా భాగం రహస్య ఒప్పందాలతో ముగిసి, కాగితాలు మూతబడుతూ వచ్చాయి. 1999లో సౌదీ అరేబియా, దాని పొరుగు దేశాలలో ఫోర్డు సంస్థ ఈ టైర్లను మార్చి ఇచ్చింది. సొంత దేశపు ప్రభుత్వానికి మాత్రం చెప్పలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరపు ఒక టీవీ కేంద్రం ఈ మరణాలను వరుసగా చూపించింది. జనం ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మేలో విచారణ మొదలైంది. ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. ముందుగా టైర్లు మార్చవలసిన రాష్ట్రాలుగా ఆరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్‌లను ఎంచారు. ఎండలు మండే నాలుగు రాష్ట్రాలు. ఆ సెప్టెంబరులో అమెరికన్ కాంగ్రెస్ ఎదుట ఫైర్‌స్టోన్ అధిపతి మసతోషి ఓనో క్షమాపణ చెప్పుకొన్నాడు. తరువాతి నెలలో పదవి వదిలాడు.

వెనక్కు పిలిచిన టైర్లలో ప్రధానమైనవి ఇల్లినాయి రాష్ట్రంలోని డెకేటర్ కార్ఖానాలో తయారైనవి. అన్ని కార్ఖానాలలోనూ అచ్చు ఒకటే, డెకేటర్ టైర్లే ఎందుకు ఎక్కువగా ఊడాయి? 1994లో అక్కడ పని గంటలను పన్నెండుకు పెంచి, రాత్రీ పగలూ మార్చి మార్చి పని చేయాలని యాజమాన్యం పట్టుబట్టింది. ఆ జూలైలో సమ్మె మొదలైంది. వారి స్థానంలో తక్కువ జీతానికి కొత్తవారిని పెట్టుకొన్నారు. 1995 మేలో కార్మికులు బేషరతుగా లొంగినా, వివాదం తీరి ఒప్పందం కుదిరింది 1996 చివరలో. ఆలన్ క్రూగర్, అలెగ్జాండర్ మాస్ అనే అర్థశాస్త్రజ్ఞులు టైర్ల తయారీ తేదీలను ఈ వివాదపు తేదీలతో పోల్చి 2004లో ఒక వ్యాసం ప్రకటించారు. సమ్మెకు ముందు బేరం బెడిసిన నెలలలోనూ, తిరిగి వచ్చిన పాతవారూ కొత్తవారూ పక్కపక్కన పని చేసిన కాలంలోనూ తయారైన టైర్లే ఎక్కువగా చెడ్డాయని వారు తేల్చారు. కొత్తవారికి పని రాకపోవడం ఒక్కటే కారణమైతే, వారు మాత్రమే పని చేసిన నెలలు అన్నింటికంటె చెడ్డవి కావలసింది. కాలేదు. బాధపడిన చేయి చేసిన పని ఎలా ఉంటుందో ఇంతకంటె స్పష్టంగా చూపిన చరిత్ర పరిశోధన నేను చదవలేదు.

సంస్థల మధ్య తగవు ఇంకా కొంతకాలం సాగింది. తప్పు టైరుదేనని ఫోర్డు, బండిదేనని ఫైర్‌స్టోన్. అదే బండికి, అదే 26 పౌండ్లతో గుడ్‌ఇయర్ టైర్లు వేసినప్పుడు ఈ బాధ లేదే అన్నది ఫోర్డు వాదం. అవే టైర్లు రేంజర్ లారీకి వేసినప్పుడు ఇన్ని ప్రమాదాలు లేవే అన్నది ఎదుటివారి వాదం. రెండూ నిజాలే కావడం విచిత్రం. ఫైర్‌స్టోన్ పక్షాన నియమితులై పరిశీలించిన బర్క్లీ ఆచార్యుడు సంజయ్ గోవింద్జీ 2001 నివేదికలో ఎండ, టైరు రూపకల్పన, డెకేటర్‌లోని తయారీ తేడాలు, బరువూ గాలీ వంటి వాడుక విషయాలు, అన్నీ కలిసి చేసిన పని అన్నారు. వివాదం ముదిరాక టైర్ల సంస్థ 30 పౌండ్లు పెట్టమని అడగగా, 2000 ముగిసేలోపు ఫోర్డు కూడా ఆ సలహానే ఇవ్వడం మొదలుపెట్టింది. 2001 మే 21న ఫైర్‌స్టోన్ నూరేళ్ల నాటి సంబంధాన్ని ఒక ఉత్తరంతో తెంచుకొంది. మరునాడు ఫోర్డు తన ఖర్చుతో మరో 1.3 కోట్ల టైర్లు మారుస్తానని ప్రకటించింది. ఆ ఏడాది చివర డెకేటర్ కార్ఖానా మూతబడింది.

ఒక్క మాట నడిపేవారి కోసం. ట్రెడ్ ఊడినా చాలా సందర్భాలలో టైరులో గాలి వెంటనే పోదు, బండిని ఆపుకోవచ్చు. పెద్ద చప్పుడుకు బెదిరి బ్రేకు తొక్కడం, స్టీరింగును అటూ ఇటూ బలంగా తిప్పడం ప్రాణాంతకం. వెనుక టైరు పట్టు తప్పినప్పుడు బండి వెనుక భాగం పక్కకు తిరగజూస్తుంది. ఎత్తయిన బండి ఆ తిప్పుకు బోర్లపడుతుంది. స్టీరింగు గట్టిగా, తిన్నగా పట్టుకొని, కాలు మెల్లగా యాక్సిలరేటరు మీది నుండి తీసి, వేగం దానంతటది తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఇప్పుడు అమెరికాలోని తెలుగువారిలో ఇటువంటి పెద్ద బండి లేని ఇల్లు వెతకవలసి వస్తున్నది. వేసవి సెలవులలో తల్లిదండ్రులను ఎక్కించుకొని వేల మైళ్లు తిప్పే పిల్లలకు ఇది తెలిసి ఉండాలి.

చట్టాలూ మారాయి. టైర్ల బలాన్ని పరీక్షించే నియమాలు 1968 నుండి పెద్దగా మారకుండా ఉన్నాయని అప్పుడే అందరికీ గుర్తుకు వచ్చింది. 2000 నవంబరు 1న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన ట్రెడ్ చట్టం ఆ నియమాలను తిరగ వ్రాయమంది. విదేశాలలో టైర్లు మార్చినా స్వదేశంలో చెప్పి తీరాలంది. గాలి తగ్గితే నడిపేవాని ఎదుట దీపం వెలగాలంది. ఆ దీపం 2007 సెప్టెంబరు నుండి అక్కడ తయారయ్యే ప్రతి కారుకూ, పెద్ద బండికీ తప్పనిసరి అయింది. చీటీలో చెప్పిన ఒత్తిడిలో నాలుగోవంతు తగ్గినప్పుడు వెలగాలని నియమం. చీటీలో 35 పౌండ్లని ఉన్న బండికి ఆ దీపం వెలిగేది దాదాపు 26 దగ్గర.