మూగవోయిన మదర్‌బోర్డు

మీట నొక్కగానే కంప్యూటరు మొట్టమొదట చదువు ఆజ్ఞలు మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్పులో ఉండును. వీనిని బయాస్ అందురు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఆ చిప్పు చదువుటకే గాని తిరిగి వ్రాయుటకు వీలులేనిది.

1971లో ఇంటెల్ సంస్థయందు డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్ చిప్పును అతినీలలోహిత కిరణములతో చెరిపి మరల వ్రాయవచ్చును. కాని అందుకు దానిని బోర్డునుండి ఊడదీయవలెను. 1984లో జపాను ఇంజనీరు ఫుజియో మసువొకా లోకమునకు వెల్లడించిన ఫ్లాష్ జ్ఞాపకమును విద్యుత్తుతోనే చెరుపవచ్చును. 1990 దశకమున బయాసు ఈ ఫ్లాష్ చిప్పులలోనికి చేరెను.

సౌకర్యము వెంట ఆపదయు వచ్చెను. పాత ఆజ్ఞలు చెరిపి క్రొత్తవి వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఏమగును? తిరిగి వ్రాయు పనిని మొదలుపెట్టవలసిన ఆజ్ఞలే చిప్పులో మిగులవు! కూర్చున్న కొమ్మను నరుకుకొన్నట్లే గదా! 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అను వైరసు పలు దేశములలో ఇట్టి చిప్పులను పాడుచేసి, ఎన్నో కంప్యూటర్లను మూగవానిగా చేసెను.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయములు సులభమైనవి. చిప్పులో కొంతభాగమును చెరుపకుండ కాపాడి, ఫ్లాపీనుండి క్రొత్త ప్రతిని చదువుటకు చాలునన్ని ఆజ్ఞలను అందులో ఉంచిరి. కొందరు తయారీదారులు రెండవ చిప్పునే అమర్చిరి. ఒకటి చెడినచో రెండవది పని నడుపును. ఈ రెండును లేనిచోట చిప్పును ఊడదీసి, ప్రోగ్రామరు అను పరికరములో నుంచి తిరిగి వ్రాయుదురు.

చెరిపిన చోట తిరిగి వ్రాయగల చేయి ఒకటి చెడకుండ మిగిలియుండవలెను. ఈ ఉపాయములన్నిటికిని మూలసూత్రమిదే.