బెల్లపునీటి నుండి కంప్యూటరు వరకు

సిమెంటు రాకమునుపు దెందులూరు, ఏలూరు సీమలో మేడలకు, గుడులకు గానుగసున్నమే ఆధారము. ఇసుకతో సున్నమును నూరునప్పుడు మేస్త్రీలు కరక్కాయలు నానిన నీటిని, బెల్లపునీటిని కలుపువారు. ఆ పాళ్ళు తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినవి.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందెను. సున్నమునకు మేలుచేసిన తీపి దీనికి చిక్కు తెచ్చినది. సిమెంటు బరువులో వెయ్యింట అరపాలు చక్కెర చేరినను గట్టిపడుట కొన్ని గంటలు ఆలస్యమగును. మరింత హెచ్చినచో సిమెంటు సరిగా బిగియదు. కాని ఆ గుణమునే కొలిచి వాడినచో మన మండుటెండలలో కాంక్రీటు పోయుటకు వ్యవధి చిక్కును.

1960వ దశకమున జపాను, జర్మనీ దేశములలో, తక్కువ నీటితోనే కాంక్రీటును జారునట్లు చేయు రసాయనములు వెలువడెను. 1980వ దశకమున పాలీకార్బాక్సిలేటులు వచ్చెను. వీని అణువు దువ్వెనవంటిది: వెన్ను సిమెంటు రేణువునకు అంటుకొనును, పండ్లు రేణువులను ఎడముగా నుంచును. ఆ పండ్ల పొడవును నేడు కంప్యూటరుపై గణించి, పిదప ప్రయోగశాలలో పరీక్షింతురు.

అయినను పాత సున్నపు గోడకు సిమెంటు పూయరాదు. తేమ లోపలనే నిలిచి గోడ చెడును. అచ్చట గానుగసున్నమే తగును. దాని పాళ్ళెరిగిన వృద్ధ మేస్త్రీలు ఉన్నచోట, వారి మాటను ఇప్పుడే వ్రాసికొనుట మన విధి.