కీబోర్డ్ ఆ ఆరంకెలు ఎందుకు అడుగుతుంది?

ఈ వారం కథ మీ ఇంట్లో కంప్యూటర్ టేబుల్ మీదే ఉంది. వైర్‌లెస్ కీబోర్డ్. మీలో చాలామంది పనులన్నీ ఫోన్‌లోనే కానిచ్చేస్తారని నాకు తెలుసు. కానీ ఇంట్లో కీబోర్డ్ కనెక్ట్ కావట్లేదంటే పిలిచేది మాత్రం మిమ్మల్నే. "ఒరేయ్, ఒకసారి ఇటు రా, ఇది పనిచెయ్యట్లేదు" అంటారు. మీరెళ్ళి బ్లూటూత్ ఆపి మళ్ళీ వేస్తారు, కీబోర్డ్ తిరగేసి బ్యాటరీ తీసి పెడతారు. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు. ఎందుకు చేసిందో, ఎందుకు చెయ్యలేదో మాత్రం ఎవరికీ తెలీదు.

నేననేది ఏంటంటే, ఆ కారణం తెలియాలంటే కొంచెం చరిత్ర తెలియాలి. బటన్ నొక్కి పట్టుకోవడం, ఆరంకెలు కొట్టడం, పాత డివైస్‌ని తీసేసి మళ్ళీ కలపడం... పెయిరింగ్‌లో మనల్ని విసిగించే ఈ మెట్లన్నీ ఒకప్పుడు తగిలిన దెబ్బలకి కట్టిన కట్లు. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న: "ఈ కీబోర్డ్ ఎవరిది?"

మొదట్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. 1983 నవంబర్ 1న ఐబీఎం కంపెనీ అమెరికాలో పీసీ జూనియర్ అనే కంప్యూటర్ ప్రకటించింది. ఇళ్ళ కోసం చేసిన కంప్యూటర్ అది. దాని కీబోర్డ్‌కి వైరు లేదు. మన టీవీ రిమోట్ ఎలా పనిచేస్తుందో అలాగే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో అక్షరాలు పంపేది. పెయిరింగ్ అనే మాటే లేదు. బ్యాటరీలు వెయ్యడం, కంప్యూటర్‌కి ఎదురుగా కూర్చుని కొట్టడం, అంతే.

వినడానికి హాయిగా ఉంది కదా? ఇప్పుడు అదే గదిలో ఇంకో పీసీ జూనియర్ పెట్టండి. మీ రిమోట్‌తో పక్కనున్న అదే రకం టీవీ కూడా మారిపోయినట్టు, ఒకరు కొట్టింది ఇంకొకరి కంప్యూటర్ కూడా తీసుకోగలదు. స్కూల్లో ఒక గదిలో పది పెడితే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే ఐబీఎం ఆ కీబోర్డ్‌కి వైరు కూడా విడిగా అమ్మింది. వైర్‌లెస్ అని గొప్పగా చెప్పుకున్న దానికి మళ్ళీ వైరు! ఆ కంప్యూటర్ ఎక్కువకాలం నిలవలేదు, 1985 మార్చిలో తయారీ ఆపేశారు. అయితే ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక మంచి ఉంది, గమనించండి. కాంతి గోడ దాటదు. గొడవ ఏదైనా ఆ గదిలోనే ఉంటుంది.

తర్వాత వచ్చిన రేడియో కీబోర్డులు ఆ గోడని దాటేశాయి. 1990ల చివర, 2000ల మొదట్లో దుకాణాల్లో దొరికినవి చాలావరకు 27 మెగాహెర్ట్జ్ రేడియోతో నడిచేవి. కంప్యూటర్‌కి ఒక రిసీవర్ తగిలించేవాళ్ళు. దాని మీద ఒక బటన్, కీబోర్డ్ అడుగున ఒక బటన్. రెండూ నొక్కితే ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఒక నంబర్ కుదుర్చుకునేవి. మీరు ఈరోజు నొక్కి పట్టుకునే పెయిరింగ్ బటన్‌కి తాతగారు అదే.

కానీ నంబర్ ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. గుమ్మానికి నేమ్‌ప్లేట్ పెట్టినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు కదా. 2002లో నార్వేలోని స్టావంగర్ ఊళ్ళో ఒకాయన తన ఇంట్లో కూర్చుని టైప్ చేస్తుంటే, ఆ అక్షరాలు దాదాపు 150 మీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఇంటి కంప్యూటర్ తెరమీద కూడా ప్రత్యక్షమయ్యాయి. అప్పట్లో అది పత్రికలకెక్కింది. గోడలకి చెవులుంటాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ గోడలకి ఏకంగా తెరలే వచ్చాయి.

దీన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఆ వచ్చింది ఉత్తరం కాకుండా బ్యాంక్ పాస్‌వర్డ్ అయితే? కీబోర్డ్ విషయంలో అసలు భయం ఇదే. మౌస్ కదలిక ఎవరికైనా తెలిస్తే పెద్దగా పోయేదేం లేదు. కీబోర్డ్ మీద మాత్రం మన పాస్‌వర్డులు, కార్డు నంబర్లు, మనసులో మాటలు, అన్నీ అక్షరం అక్షరంగా గాల్లోకి వెళ్తాయి.

కంపెనీలు తాళం వెయ్యలేదా అంటే, వేశాయి. ఆ తాళం ఎలాంటిదో చూడండి. 2007 చివర్లో స్విట్జర్లాండ్‌కి చెందిన డ్రీమ్‌ల్యాబ్ సంస్థ పరిశోధకులు మైక్రోసాఫ్ట్ 27 మెగాహెర్ట్జ్ కీబోర్డులు కొన్నిటిని పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. అక్షరాలని దాచడానికి వాడిన రహస్య సంఖ్య ఒక్క బైట్ మాత్రమే. అంటే మొత్తం తాళంచెవులు 256. కంప్యూటర్‌కి 256 తాళంచెవులు తిప్పి చూడటం రెప్పపాటు పని. కాస్త దూరంలో రేడియో రిసీవర్ పెట్టుకుని కూర్చున్నవాడికి మీరు కొట్టేదంతా తెలిసిపోతుంది.

ఇదే కాలంలో ఇంకో దారి కూడా నడుస్తోంది. 1994లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు దగ్గరున్న పరికరాలని వైరు లేకుండా కలిపే రేడియో మీద పని మొదలుపెట్టారు. అందులో ముఖ్యుడు యాప్ హార్ట్‌సెన్. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, ఐబీఎం, నోకియా, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఇంటెల్‌లో పనిచేసే జిమ్ కార్డాక్ సూచించిన పేరే దానికి నిలిచిపోయింది. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరు అది. మీ ఫోన్ మీద కనిపించే ఆ నీలం గుర్తు, ఆ రాజు పేరులోని రెండు పాత రూనిక్ అక్షరాల కలయిక.

రాజు పేరు పెట్టుకున్నా తాళం మాత్రం మొదట్లో గట్టిది కాదు. రెండు పరికరాలని కలపడానికి ఒక పిన్ కొట్టాలి, చాలాసార్లు అది నాలుగంకెలే. ఇంకా చాలా వస్తువులకి కంపెనీయే 0000 అని పెట్టి పంపేది. పైగా తాళంచెవి ఆ పిన్ మీదే ఆధారపడి తయారయ్యేది. 2005లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ యూనివర్సిటీకి చెందిన షాకెడ్, వూల్ అనే ఇద్దరు, పెయిరింగ్ జరుగుతున్నప్పుడు ఆ సంభాషణ వినగలిగితే నాలుగంకెల పిన్‌ని సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కనిపెట్టొచ్చని చూపించారు. అది కూడా అప్పటి మామూలు కంప్యూటర్ మీద.

అప్పుడు వచ్చింది అసలు మార్పు. 2007లో విడుదలైన బ్లూటూత్ 2.1లో పెయిరింగ్ పద్ధతినే మార్చేశారు. తాళంచెవిని ఇప్పుడు రెండు పరికరాలు పెద్ద లెక్కలతో తామే తయారు చేసుకుంటాయి. మధ్యలో విన్నవాడికి అది దొరకదు. మరి తెరమీద ఆరంకెలు చూపించి కీబోర్డ్ మీద కొట్టమంటుంది కదా, అవెందుకు? అవి తాళంచెవి కాదు, సాక్ష్యం. "ఈ తెరని చూస్తున్న మనిషి, ఈ కీబోర్డ్‌ని కొడుతున్న మనిషి ఒక్కరే" అని రుజువు. ప్రతిసారీ కొత్త అంకెలే వస్తాయి, కాబట్టి పక్కింటివాడు ఊహించి కొట్టే అవకాశం పది లక్షల్లో ఒకటి. మన ఓటీపీకి చిన్నాన్న కొడుకు అనుకోండి. స్టావంగర్‌లో ఆరోజు ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు ఆ ఆరంకెలు.

ఇప్పుడు ఇంట్లో సమస్యలకి వద్దాం. చరిత్ర తెలిస్తే ఇవి వాటంతటవే అర్థమవుతాయి.

కీబోర్డ్ పేరు జాబితాలో ఉంటుంది, కానీ కనెక్ట్ అవదు. చాలాసార్లు ఎందుకంటే, ఒకే తాళంచెవికి రెండు నకళ్ళుంటాయి, ఒకటి కంప్యూటర్ దగ్గర, ఒకటి కీబోర్డ్ దగ్గర. ఒకవైపు మారిపోతే రెండోది పనికిరాదు. అందుకే ఊరికే బ్లూటూత్ ఆపి వేస్తే సరిపోదు. కంప్యూటర్‌లో ఆ పేరు పూర్తిగా తీసెయ్యండి. తర్వాత కీబోర్డ్ పెయిరింగ్ బటన్‌ని లైటు టకటకా వెలిగి ఆరేదాకా నొక్కి పట్టుకోండి. మళ్ళీ కొత్తగా కలపండి. ఆరంకెలు కొట్టాక ఎంటర్ నొక్కడం మర్చిపోకండి.

1, 2, 3 అని మూడు బటన్లున్న కీబోర్డులుంటాయి చూడండి, కంప్యూటర్‌కి ఒకటి, ఫోన్‌కి ఒకటి, ట్యాబ్‌కి ఒకటి. వాటిలో చాలావాటికి ఊరికే నొక్కితే ఆ పరికరానికి మారుతుంది, ఎక్కువసేపు పట్టుకుంటే కొత్త పెయిరింగ్‌కి వెళ్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఆ బటన్ పట్టుకుని ఆడితే, నిన్నటిదాకా పనిచేసిన కీబోర్డ్ ఈరోజు పనిచెయ్యదు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉంటే కూడా ఇదే తంటా. దానిలో కలిపితే దీనిలో పోతుంది. కంప్యూటర్ ఒక్కటే అని కీబోర్డ్ ఒక్క తాళంచెవే దాచుకుంటుంది మరి.

మా మావయ్య వాళ్ళింట్లో కీబోర్డ్‌ది ఇంకో రకం జబ్బు. బ్లూటూత్ కాదు, చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చింది. అక్షరాలు మింగేసేది. "శ్రీనివాస్" కొడితే "శ్రీవాస్" పడేది. ఆయన బ్యాటరీలు మార్చీ మార్చీ విసిగిపోయారు. నేను వెళ్ళి చూస్తే, రిసీవర్ సీపీయూ వెనకాల, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించిన యూఎస్‌బీ 3 పోర్టుకి ఆనుకుని ఉంది. ఈ రిసీవర్లు, బ్లూటూత్, మామూలు వైఫై, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మాట్లాడతాయి. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు సరిగ్గా అక్కడే రొద చేస్తుందని ఇంటెల్ కంపెనీయే 2012లో ఒక పత్రంలో రాసింది. రిసీవర్‌ని ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదకి తెచ్చాం. మావయ్య పేరు మళ్ళీ పూర్తిగా పడింది.

ఇంకొకటి. కంప్యూటర్ ఆన్ అవుతూనే వచ్చే బయోస్ తెరలో బ్లూటూత్ కీబోర్డ్ చాలాసార్లు పనిచెయ్యదు. పెయిరింగ్ సమాచారం విండోస్ లోపల ఉంటుంది, విండోస్ ఇంకా లేవలేదు కదా. రిసీవర్‌తో వచ్చేది మాత్రం కంప్యూటర్‌కి మామూలు వైరు కీబోర్డ్‌లాగే కనిపిస్తుంది. అందుకే పాత వైరు కీబోర్డ్ ఒకటి అటక మీద ఉంచుకోండి, పారెయ్యకండి.

అయితే కథ 2007తో అయిపోలేదు. 2016లో బాస్టిల్ అనే అమెరికా సంస్థ మౌస్‌జాక్ పేరుతో ఒక లోపం బయటపెట్టింది. చాలా కంపెనీల యూఎస్‌బీ రిసీవర్లు కీబోర్డ్ మాటలకి తాళం వేశాయి కానీ, మౌస్ దారి తెరిచే ఉంచాయి. ఆ దారిలో ఎవడైనా "నేను కీబోర్డ్‌ని" అని అక్షరాలు పంపితే కొన్ని రిసీవర్లు నమ్మేశాయి. 2023 డిసెంబర్‌లో, మౌస్‌జాక్‌ని కనిపెట్టిన మార్క్ న్యూలిన్ అనే పరిశోధకుడే, ఈసారి బ్లూటూత్‌లో ఇంకోటి చూపించాడు. మీరు ఒప్పుకోకుండానే ఒక నకిలీ కీబోర్డ్ దగ్గర్లోని ఫోన్‌కి జతకట్టి, అందులో అక్షరాలు కొట్టగలదు. బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. ఆండ్రాయిడ్ 11 నుంచి 14 దాకా దీనికి మరమ్మతు వచ్చింది. 10, అంతకంటే పాతవాటికి రాలేదు.

ఇది మీ జేబులో ఉన్న విషయం. ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ ఏ నెలదో సెట్టింగ్స్‌లో చూడండి. 2023 డిసెంబర్ 5 తేదీ గానీ, ఆ తర్వాతది గానీ ఉండాలి. ఇంట్లో అమ్మ వాడే పాత ఫోన్ కూడా చూడండి. దానికి అప్‌డేట్ రాకపోతే, బయటికి వెళ్ళేటప్పుడు బ్లూటూత్ ఆపి పెట్టడం నేర్పండి. మీరు ఏమీ కలపకుండా తెరమీద పెయిరింగ్ అడిగితే "క్యాన్సిల్" నొక్కండి, విసుగొచ్చి "ఓకే" నొక్కకండి. ఆ ప్రశ్న సరిగ్గా అడగడం నేర్చుకోవడానికి ఈ యంత్రాలకి నలభయ్యేళ్ళు పట్టింది, ఇంకా తడబడుతూనే ఉన్నాయి. జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే.

మీ ఇంట్లో కీబోర్డ్ ఇంకేదైనా వేషం వేస్తుంటే కింద రాయండి, ఏ రకమో, రిసీవరా బ్లూటూతా అన్నది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.