టర్నిప్ దెయ్యం, మన దిష్టి గుమ్మడికాయ

అమెరికాలో ఉన్న మన మనవళ్లు అక్టోబరు 31న హాలోవీన్ అని గుమ్మడికాయకు కళ్లూ పళ్లూ కోసి, లోపల దీపం పెట్టి ఫోటోలు పంపుతారు కదా. మొదట అది గుమ్మడికాయ కాదు. ఐర్లండు పల్లెల్లో టర్నిప్ దుంపను తొలిచేవారు. గట్టి దుంప, గీకి గీకి చేతులు పడిపోవాల్సిందే. లోపల కొవ్వొత్తి ముక్కో, నిప్పు కణికో. పైసా ఖర్చు లేదు. 1845లో బంగాళాదుంపలకు తెగులు పట్టి కరువొచ్చింది. లక్షల మంది ఓడెక్కి అమెరికా చేరారు. అక్కడ గుమ్మడికాయ పెద్దది, తొలవడం సులభం.

భయపెట్టేది మాత్రం దుంపే. ఎండి ముడతలు పడితే అచ్చం పుర్రె! ఫింటౌన్ అనే ఊళ్లో చేసినదాన్ని 1943లో ఒక బడి టీచరు ఐర్లండు జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. అప్పటికే అక్కడ ఎవరూ చేయడం లేదట. దుంప పాడైపోతుంటే ప్లాస్టరుతో అచ్చు తీసి ఉంచారు.

ఇక్కడ తమిళనాడులో మేమూ కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ మీద సున్నం, బొగ్గు, కుంకుమతో రాక్షసుడి మొహం వేసి కట్టేవాళ్లం. బడిలో తిరుష్టి పూసణిక్కాయ్ అనేవాళ్లం, ఇంట్లో అమ్మ దగ్గర దిష్టి గుమ్మడికాయ. ఇప్పుడు బజారులో ప్రింటు మొహం కొంటున్నాం. చేత్తో వేసినదాని ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మీ దగ్గర ఉంటే పంపండి.