క్రాగా, మౌజరా, మోసినా?

పాత మిలిటరీ రైఫిళ్ళతో సరదాగా గురి చూసి కాల్చేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. నార్వే వాళ్ళ క్రాగ్-యోర్గెన్సెన్ గొప్పదా, స్వీడన్ వాళ్ళ ఎం-96 మౌజర్ గొప్పదా, ఫిన్లాండ్ వాళ్ళ మోసిన్ గొప్పదా అని. మన దగ్గర ఎన్టీఆరా, ఏఎన్నారా అన్నట్టు అన్నమాట. మూడూ చేత్తో బోల్టు లాగి, తోసి ఒక్కో తూటా ఎక్కించుకునే రకాలే. మూడూ కాల్చి చూశాక, వాటి చరిత్ర కాస్త చదివాక నాకర్థమైందేంటంటే, ఇది తుపాకుల పోటీ కానే కాదు. చేతిలో ఉన్నదాంతో ఏ దేశం ఏం చేసుకోగలిగింది అన్నదే అసలు సంగతి.

ముందు అన్నదమ్ముల కథ చెప్తాను. 1814 నుంచి 1905 దాకా నార్వే, స్వీడన్ ఒకే రాజు కింద ఉండేవి. 1890ల మొదట్లో రెండు దేశాల నిపుణులూ కూర్చుని ఒకే తూటా ఖాయం చేసుకున్నారు. అదే 6.5×55. తూటా దగ్గర కుదిరిన ఒప్పందం తుపాకీ దగ్గర కుదరలేదు. నార్వే 1894లో తమవాళ్ళే అయిన ఓలె క్రాగ్, ఎరిక్ యోర్గెన్సెన్‌ల రైఫిల్ తీసుకుంది. స్వీడన్ జర్మన్ మౌజర్ వైపు వెళ్ళి, 1894లో పొట్టి కార్బైన్, 1896లో పొడుగు రైఫిల్ తీసుకుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ప్రోటోకాల్ ఒకటే, ఇంప్లిమెంటేషన్లు రెండు.

క్రాగ్ బోల్టు వెన్నలా జారుతుంది. పక్కనున్న చిన్న తలుపు తెరిచి తూటాలు పోసెయ్యడమే, బోల్టు కదిలించక్కర్లేదు. కానీ పేలుడు దెబ్బని కాసుకోడానికి బోల్టు ముందు ఒకే ఒక్క లగ్ ఉంది. మౌజర్‌కి రెండు. పైగా క్లిప్పు పెట్టి ఒక్క తోపు తోస్తే ఐదు తూటాలూ లోపలికి! ఎం-96 గొట్టమే దాదాపు 74 సెంటీమీటర్లు, తన్నుడు తక్కువ. ఒకటే చిక్కు, దాని సైటు 300 మీటర్ల నుంచి మొదలవుతుంది. 100 మీటర్ల అట్ట మీద కాలిస్తే తూటా పైకి పోతుంది. అందుకే చాలామంది ముందు సైటు తీసేసి ఇంకాస్త పొడుగుది వేసుకుంటారు.

1905 జూన్‌లో నార్వే విడిపోతున్నానని ప్రకటించింది. సెప్టెంబర్‌కల్లా రెండు సైన్యాలూ సరిహద్దుకి చేరాయి. ఇటూ అటూ ఉన్నది అదే తూటా, కలిసి కూర్చుని తయారు చేసుకున్నది! కార్ల్‌స్టాడ్‌లో చర్చలు జరిగి యుద్ధం తప్పింది. 1814 తర్వాత స్వీడన్ ఏ యుద్ధంలోనూ దిగలేదు. పాత ఎం-96లు చాలావరకు అంత శుభ్రంగా దొరకడానికి అదీ ఒక కారణమే.

ఇక ఫిన్లాండ్. వాళ్ళకి ఇలా ఎంచుకునే భాగ్యం లేదు. 1917 డిసెంబర్‌లో రష్యా నుంచి విడిపోయేసరికి, రష్యన్ సైన్యం వదిలేసిన గిడ్డంగుల్లో మోసిన్-నాగంట్‌లే మిగిలాయి. 1891 డిజైన్. బోల్టు మొరటు. సేఫ్టీ పెట్టాలంటే వెనక గుండీని వేళ్ళు నొప్పెట్టేలా లాగి తిప్పాలి. పేద దేశం, కొత్తవి కొనే స్తోమత లేదు. అందుకని ఉన్నవాటినే పట్టుకున్నారు. కొత్త గొట్టాలు, కొత్త కర్ర, కొత్త సైట్లు. రష్యన్ రిసీవర్ మాత్రం అలాగే ఉంచారు. అలా వచ్చిన ఎం-28-30తో 1937లో హెల్సింకీలో ప్రపంచ షూటింగ్ పోటీలే జరిపారు.

1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం దాడి చేసింది. సిమో హైహా అనే రైతు టెలిస్కోపు లేకుండా ఇదే ఎం-28-30తో వందరోజులు కూడా గడవకముందే 500 మందికి పైగా సైనికుల్ని చంపాడంటారు. 1940 మార్చి 6న దవడకి తూటా తగిలింది, అయినా 2002 దాకా బతికాడు. ఆ 500 అంకె విని ఆహా అనేవాళ్ళని చూస్తే నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అటువైపు పడిపోయినవాళ్ళూ ఎవరో ఒకరి కొడుకులే కదా. కానీ తన పొలం మీదికి వచ్చిన సైన్యాన్ని ఆ రైతు ఇంకేం చెయ్యాలి అంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఎక్కువగా తయారైంది ఎం-39. దాని గొట్టం లోపలి కొలత శత్రువు దగ్గర పట్టుబడ్డ తూటాలకీ సరిపడేలా పెట్టారు. ఎదుటివాడు రాసిన కోడ్ తీసుకుని, బగ్గులు సరిచేసి, వాడి డేటాతోనే నడిచేలా చెయ్యడం అన్నమాట. కొన్ని ఎం-39ల కర్ర విప్పి చూస్తే రిసీవర్ మీద 1890ల నాటి జార్ చక్రవర్తి కాలపు తేదీ కనిపిస్తుంది. అమెరికా ఫెడరల్ చట్టం రిసీవర్ తేదీనే చూస్తుంది. దాంతో 1942లో పూర్తయిన రైఫిల్ కూడా పురాతన వస్తువుల లెక్కలోకి వెళ్ళిపోతుంది!

ఆదివారం పూట అట్ట మీద చిల్లులు పెట్టడానికైతే నా ఓటు ఎం-96కే. భుజం నొప్పెట్టదు, గురి తప్పదు. చేతికి హాయిగా ఉండేది మాత్రం క్రాగే. కానీ ఇంజనీరుగా దండం పెట్టమంటే ఫిన్లాండ్ మోసిన్‌కి పెడతాను. మంచి డిజైన్ ఎంచుకుని మంచి తుపాకీ చెయ్యడం ఒక ఎత్తు. వద్దనుకున్నా నెత్తిన పడ్డదాన్ని బాగుచేసుకుని, దాంతోనే దేశాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.