ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ట్యాబ్‌ల పంపిణీ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదివే విద్యార్థులకు 2022, 2023 సంవత్సరాలలో రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ట్యాబ్‌లను అందజేసింది. ట్యాబ్ అనగా పలక వలె చేతిలో పట్టుకొని, తెరను వ్రేలితో తాకుతూ ఉపయోగించే చిన్న కంప్యూటరు. పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలు కూడా ఈ పథకం పరిధిలోనివే. ఈ పరికరం వలన చదువుకు కలిగే మేలు ఎంత, కీడు ఎంత అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే.

నేపథ్యం

పలక వంటి కంప్యూటరును పిల్లల చేతికి ఇవ్వవచ్చునన్న ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త ఆలన్ కే 1972లోనే వివరించాడు. 2005లో నోకియా సంస్థ 770 అనే ఇంటర్నెట్ ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. 2010లో ఆపిల్ ఐప్యాడ్ వచ్చిన తరువాత ఈ పరికరాలు లోకమంతటా వ్యాపించాయి.

భారతదేశంలో విద్యార్థుల కొరకు తయారైన చవక ట్యాబ్ "ఆకాశ్". కేంద్ర మంత్రి కపిల్ సిబల్ దీనిని 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించాడు. డేటావిండ్ సంస్థ రూపొందించిన ఈ ట్యాబ్ హైదరాబాదులో తయారయ్యేది. ప్రభుత్వం చెల్లించిన ధర 2,276 రూపాయలు. అయితే తెర సరిగా స్పందించకపోవడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం వంటి లోపాల వలన అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ధర తగ్గించడం ఒక్కటే చాలదని ఆకాశ్ అనుభవం తెలియజేసింది.

పంపిణీ

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. అదే సంవత్సరం డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీని ప్రారంభించాడు. మొదటి విడతలో 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు కేటాయించారు. వీటి వ్యయం 686 కోట్ల రూపాయలు. అనగా ఒక్కొక్కటి సుమారు 13,200 రూపాయలు. 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత మొదలైంది. ఇందులో 620 కోట్ల రూపాయలతో 4,34,185 ట్యాబ్‌లు ఇచ్చారు.

మొదటి విడతలో ఇచ్చినవి శామ్‌సంగ్ సంస్థ ట్యాబ్‌లు. తెర పరిమాణం 8.7 అంగుళాలు. బైజూస్ పాఠాలను ముందుగానే మెమరీ కార్డులో నింపి ఇచ్చారు.

2024 జూన్‌లో ప్రభుత్వం మారిన తరువాత ఈ పంపిణీ కొనసాగలేదు.

ప్రయోజనాలు

* పాఠాలు మెమరీ కార్డులో ఉండుట వలన ఇంటర్నెట్ లేకున్నను చూడవచ్చును. నల్లమల అడవుల అంచున ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మండలాల తండాలకు ఇది ముఖ్యమైన సౌలభ్యం.
* అర్థం కాని పాఠాన్ని ఎన్నిసార్లయినా తిరిగి చూడవచ్చును. పల్నాడులో పత్తితీత, మిరపకోతల కాలంలో తల్లిదండ్రులతో పొలానికి వెళ్ళి బడి మానే పిల్లలకు తప్పిపోయిన పాఠం దొరుకుతుంది.
* పాఠాలు ఇంగ్లీషు, తెలుగు భాషలలో ఉండుట వలన, ఇంగ్లీషు మాధ్యమానికి మారిన విద్యార్థికి విషయాన్ని తెలుగులో గ్రహించే వీలున్నది.
* గుండె పనితీరు, గ్రహణాలు వంటి అంశాలను కదిలే బొమ్మలతో చూపవచ్చును. ప్రయోగశాల లేని పాఠశాలకు ఇది కొంత ఊరట.

పరిమితులు

* పరికరం పగిలినా, బ్యాటరీ పాడైనా చదువు ఆగిపోతుంది. మూడేళ్ళ వారంటీ ఇచ్చినప్పటికీ మారుమూల గ్రామాలవారికి మరమ్మతు సులభం కాదు.
* ఆటలను, అనవసర వీడియోలను అడ్డుకొనే సాఫ్ట్‌వేర్ అమర్చినను, కొందరు విద్యార్థులు దానిని తొలగిస్తున్నారని వార్తలు వచ్చాయి.
* ఎక్కువసేపు దగ్గరి నుండి తెరను చూడటం వలన కండ్లు అలసిపోతాయి, నిద్ర తగ్గుతుంది.
* పాఠాలు ఒకే ప్రైవేటు సంస్థపై ఆధారపడినవి. 2024 జూలై 16న జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియను ప్రారంభించింది. సంస్థ చితికిపోతే పాఠాలను సరిదిద్దేవారు, కొత్త పాఠ్యప్రణాళికకు అనుగుణంగా మార్చేవారు ఉండరు.
* ఆరవ తరగతి స్థాయి లెక్కలు రాని విద్యార్థికి ఎనిమిదవ తరగతి వీడియో ఎంత బాగున్నను ఉపయోగం స్వల్పమే.

ఇతర ప్రాంతాల అనుభవం

పెరూ దేశంలో పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమంపై 2012లో వెలువడిన అధ్యయనం, గణితంలోగాని భాషలోగాని మార్కులు పెరగలేదని తేల్చింది. దీనికి భిన్నంగా, ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తరువాత నడిపిన కేంద్రాలలో విద్యార్థులు గణితం, హిందీలలో గణనీయంగా మెరుగుపడినట్లు కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించింది. పెరూలో పరికరాన్ని ఇచ్చి ఊరకున్నారు. ఢిల్లీలో సాఫ్ట్‌వేరు ప్రతి విద్యార్థి స్థాయిని కనుగొని అక్కడి నుండి అభ్యాసం చేయించింది. పక్కన బోధకుడు కూడా ఉన్నాడు. సాంకేతికత ఉపాధ్యాయునికి తోడుగా ఉండాలే తప్ప బదులు కారాదని యునెస్కో 2023 నివేదిక కూడా సూచించింది.

ఈ అనుభవాలను బట్టి చూడగా, ట్యాబ్ విలువ దాని ధరలో లేదు. అందులోని పాఠం పిల్లవాని స్థాయికి తగి ఉండటం, ఉపాధ్యాయుడు వారం వారం అభ్యాసాన్ని పరిశీలించడం, చెడిపోయినప్పుడు వెంటనే బాగుచేసే ఏర్పాటు ఉండటం అనే మూడింటిపై అది ఆధారపడుతుంది. ఈ మూడు లేనిచోట అచ్చు పుస్తకమే నమ్మకమైన సాధనం.