బాలలకు కలము స్నేహము

ఆడుపిల్ల చదువుకొన్నచో జాబులు వ్రాయ నేర్చి చెడిపోవునని మన పెద్దలు పలువురు వెరచిన కాలమొకటి కలదు. ఆ కాలముననే, 1874లో, వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. 1879లో కాలణా కార్డు వెలువడుటతో ఊరు కదలని పిల్లలకు సైతము దూరపు చెలిమికి మార్గమేర్పడెను.

ఈ చెలిమివలని మేలేమి? తూర్పు కనుమల చెంతనున్న మాడుగుల బాలిక తన ఊరి హల్వాను గూర్చి, దాని నెన్నడును చూడని చెలికి వ్రాయవలెనన్న, గోధుమలు నానబోయుట మొదలు పాకము దింపువరకు మొదట తాను చూడవలెను, తెలియనిది అడుగవలెను. పరులకు చెప్పబూనినపుడే మన ఊరు మనకు కనబడును. చెలి ప్రత్యుత్తరమువలన మరియొక ఊరి తిండి, పలుకుబడి, పండుగ తెలియును. ఇట్లు తెలిసినవారిని తక్కువగా చూచుట కష్టము. విశ్వ తపాలా సంఘము సైతము 1971 నుండి బాలలకు లేఖారచనలో పోటీలు నడుపుచున్నది.

నేడు సెల్‌ఫోను సందేశము క్షణములో చేరును. కాని నిదానించి చూచి వ్రాయు అభ్యాసము దానివలన అలవడదు. చెలి యెవరో, చిరునామా యేదో పెద్దలు తెలిసికొనవలసినదే. ఆపై జాబు పిల్లలదే, దిద్ది పాడుచేయరాదు. వెరపుచే ఎందరో బాలికల కలమును ఆపితిమి. ఈ నెలలో మీ ఇంటి బాలిక చేతికి ఒక కార్డు ఇండని గృహస్థులను వేడుచున్నాము.